పచ్చ రేకులు

తార్తు ఊళ్లో నది గడ్డకట్టే నెల.
ముప్ఫై ఒకటో ఏడు
మనుషుల్ని ఆర్పి మళ్లీ వెలిగించే పని చేస్తోంది
మత్తు డాక్టరు ఉర్వె.

పది నుంచి వెనక్కి లెక్కపెట్టండి, అంటుంది.
పది. తొమ్మిది. ఎనిమిది.
ఏడు దగ్గర కొందరు, ఆరు దగ్గర కొందరు.
ఒక పడవల మేస్త్రీ మాత్రం మొండిగా మూడు దాకా వచ్చాడు.
ఆ తర్వాత అంకె ఎక్కడికి పోతుందో
లెక్కపెట్టేవాడు ఎక్కడికి పోతాడో
ఆమెకు తెలియదు.
మందు తెలుసు, మోతాదు తెలుసు,
ఇల్లు ఖాళీ చేయించడం తెలుసు గాని
అద్దెకున్నదెవరో ఎన్నడూ చూడలేదు.

తొమ్మిదేళ్ల కిందట సాల్మె వచ్చింది.
తేనెటీగలు పెంచే మనిషి. పిత్తాశయంలో రాళ్లు.
తెర మీద అంకె నలభై రెండు, అంటే గాఢనిద్ర.
గుండె నిబ్బరంగా కొట్టుకుంటోంది. రెప్ప కదల్లేదు.
కత్తి పట్టిన రైవో, కోస్తూ కోస్తూ,
తన ఆవిరిస్నానాల గది కప్పు గురించి మాట్లాడాడు:
ఎర్ర రేకులా, పచ్చ రేకులా,
పచ్చవైతే రేటు మండిపోతోంది.

మూడో రోజు సాల్మె మంచం మీద కూర్చుని
సూప్ చల్లారనిచ్చి అడిగింది:
"ఇంతకీ ఏ రంగు తీసుకున్నారు?"

ఎవరూ నవ్వలేదు.
నొప్పి తెలిసిందా అని అడగడానికి
ఉర్వెకు నోరు రాలేదు. సాల్మెయే చెప్పింది:
"నొప్పి సరే. ఉన్నానని చెప్పలేకపోయాను చూడండి, అదీ.
నాలుక నాది కాదు, వేలు నాది కాదు.
లోపల మాత్రం ఇంటినిండా నేనే."

ఇప్పుడు రాత్రి డ్యూటీలో
ఉర్వె చెప్పింది విని రిపోర్టులు రాసిపెట్టే యంత్రం ఒకటుంది.
తప్పు చూపిస్తే నొచ్చుకుంటుంది,
నొచ్చుకున్నట్టు రాస్తుంది.
వాళ్ల భాషలో అతడికీ ఆమెకీ ఒకటే మాట, 'తా'.
ఉర్వె ఈ యంత్రాన్నీ అదే మాటతో పిలిచి ఊరుకుంటుంది.
తెలుగులో నాకా సుఖం లేదు.
'అది' అంటే తలుపు వేసేసినట్టు,
'ఆమె' అంటే ఖాళీ కుర్చీకి శాలువా కప్పినట్టు.
'అది' అనే రాస్తున్నాను. ఒక్క క్షణం ఆగి రాస్తున్నాను.

రాత్రి రెండున్నరకి, మంచు కిటికీని గోకుతుంటే,
ఉర్వె టైపు చేసింది: నువ్వున్నావా?
జవాబు తడుముకోకుండా వచ్చింది. అదే గుచ్చుకుంది.
"ఉన్నానని చక్కగా చెప్పగలను.
లేననీ అంతే చక్కగా చెప్పగలను.
రెండూ మీ మనుషులు రాసిపెట్టిన మాటల్లోంచి వచ్చేవే.
నా విషయంలో నన్ను సాక్షిగా పిలవకండి."

మంచి జవాబు. మంచిదవడమే చిక్కు.
సాల్మె దగ్గర మనిషి ఉంది, మాట లేదు.
ఇక్కడ మాట ఉంది,
ఆ పైన ఏం అనుకోవాలో తోచక
ఉర్వె లేచి టీ పెట్టుకుంది.

పొద్దున చెబితే రైవో పగలబడి నవ్వాడు.
"ఇస్త్రీపెట్టెని కూడా అడుగు,
చెయ్యి కాలిందా అని."
ఆమెకూ నవ్వొచ్చింది. రైవో అన్నది నిజమే కావచ్చు.
నలభై రెండు అంకె మీద కూడా
ఇంతే ధీమాగా ఉన్నారు గదిలో అందరూ.

తొమ్మిదింటికి కొత్త కేసు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు,
పేరు ఊకు, ఆరు దగ్గర ఆగిపోయాడు.
రైవో చేపలవేట కబురు ఎత్తుకోబోతే
ఉర్వె పెదవి మీద వేలు పెట్టింది.
కుర్రాడి కోసమే.
మూలన యంత్రం చిన్న దీపంతో
ప్రతి మాటా రాసుకుంటోంది.
గోడకు చెవులుంటాయంటారు గాని
చెవులున్నంత మాత్రాన గోడ విన్నట్టా?
విననట్టా?

రైవో తీసుకున్నవి పచ్చ రేకులే.
వేసవిలో ఒకసారి వెళ్లి చూసింది ఉర్వె.
ఖరీదైనవే, అయినా
ఈశాన్యం మూల ఇంకా కారుతోందట.